పెనుగొండ వారసత్వం, బీపీ బిళ్ళ

2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్ళలో ఏడాది పాటు జరిగిన మరణాలన్నిటినీ లెక్కకెక్కించారు. చాలామంది పోయేది ఇంట్లోనే కాబట్టి ఆసుపత్రి కాగితాలు దొరకవు. అందుకని కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, పోయినవారికి చివరి రోజుల్లో ఏమైందో ఇంట్లోవాళ్ళను అడిగి రాసుకొచ్చారు. ఆ రాతలు చదివి డాక్టర్లు కారణం తేల్చారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో జరిగిన ఈ పనిలో సుమారు 1,80,000 జనాభాకు 1,354 మరణాలు నమోదయ్యాయి. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవి. అంటువ్యాధులు 12 శాతం దగ్గరే ఆగాయి. జ్వరాలకూ బోదకాలుకూ పేరుపడిన పల్లెల్లో గుండెపోటు, పక్షవాతం ముందు వరసలోకి వచ్చాయన్నమాట. ఆ రెండింటి వెనకా ఎక్కువగా ఉండేది రక్తపోటే. అప్పటి నుంచి డెల్టాలో బీపీ బిళ్ళ వేసుకునే ఇళ్ళు పెరిగాయి, దాంతోపాటే ఒక ప్రశ్న కూడా పెరిగింది. ఒకే బిళ్ళ అన్నకు గుణమిస్తుంది, తమ్ముడికి ఇవ్వదు. ఎనలాప్రిల్‌తో ఒకరికి పొడిదగ్గు పట్టుకుంటుంది, అమ్లోడిపిన్‌తో ఇంకొకరికి కాళ్ళు వాస్తాయి. మా వంశానికి ఈ మందు పడదండీ అనేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. ఈ మాటలో సగం నిజముంది. వంశానికీ మందుకూ ముడి ఉందనడానికి ప్రపంచ వైద్యంలో దొరికే గట్టి సాక్ష్యాల్లో ఒకటి ఈ డెల్టాలోని పెనుగొండ చరిత్రతో పెనవేసుకున్నది. కానీ ఆ సాక్ష్యాన్ని తెచ్చి రక్తపోటు మందులకు అతికిస్తే పప్పులో కాలేసినట్టే. ఎందుకో తెలియాలంటే ముందు పెళ్ళిళ్ళ సంగతి చూడాలి.

పెనుగొండ ఆర్యవైశ్యులకు పుణ్యక్షేత్రం, వాసవీ కన్యకా పరమేశ్వరి కొలువైన ఊరు. కుసుమశ్రేష్ఠి కూతురు వాసవిని విష్ణువర్ధనుడనే రాజు పెళ్ళాడతానన్నాడనీ, ఆ సంబంధం ఒప్పుకోవాలా వద్దా అని 714 గోత్రాల వారు సభ చేస్తే 102 గోత్రాలు మాత్రమే కన్యక పక్షాన నిలిచాయనీ, చివరికి ఆమెతో పాటు ఆ గోత్రాల పెద్దలు అగ్నిప్రవేశం చేశారనీ సంప్రదాయం చెబుతుంది. ఆ 102 గోత్రాలే తమ గోత్రాలని ఇప్పటికీ చెప్పుకుంటారు. గాథను గాథగానే ఉంచుదాం. దాని నడిమధ్యన ఉన్నది మాత్రం బయటి సంబంధానికి ఒప్పుకోకపోవడం. అధికారం అడిగినా, ప్రాణం మీదికొచ్చినా పిల్లను బయటికి ఇవ్వలేదన్నది ఆ సమాజం తన గురించి తాను చెప్పుకునే మొదటి మాట. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ వెలువరించిన దక్షిణ భారత కులాల సంపుటాల్లో కోమట్లు మేనరికాన్ని ఎంత కచ్చితంగా పాటిస్తారో ప్రత్యేకంగా రాసి ఉంది. మేనమామ కూతురిని చేసుకోవడం వీలుంటే చేసుకునే సంబంధం కాదనీ, తప్పించుకోలేని బాధ్యత లాంటిదనీ ఆ వర్ణన చదివితే అర్థమవుతుంది. వైశ్యుల్లోనే కాదు, డెల్టాలో దాదాపు అన్ని కులాల్లోనూ మేనరికం మొన్నమొన్నటి దాకా మామూలు సంగతే. పొలం చెదరదు, కట్నం గొడవ తక్కువ, అత్త ఎవరో కాదు మేనత్తే.

ఈ పెళ్ళిళ్ళను శాస్త్రం కంటితో మొదట చూసినవారిలో ఒకరు ఈ ప్రాంతపు మనిషే. 1937లో పిఠాపురంలో పుట్టిన కృష్ణ ద్రోణంరాజు, 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేసిన జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర శిష్యుడిగా చేరాడు. మీరా ఖాన్‌తో కలిసి 1960ల మొదట్లో ఆంధ్రలో దగ్గరి చుట్టాల మధ్య జరిగే పెళ్ళిళ్ళ మీద వ్యాసాలు ప్రచురించాడు. మేనమామ–మేనకోడలు, బావ–మరదళ్ళ పెళ్ళిళ్ళు ఇంత విరివిగా జరిగే చోటు జన్యుశాస్త్రానికి బంగారు గని అని హాల్డేన్‌కు తెలుసు. అయితే ఇక్కడ రెండు వేరువేరు సంగతులను కలిపేసుకునే అలవాటు మనకుంది. కులం లోపలే పెళ్ళి చేసుకోవడం ఒకటి, కులం లోపల మళ్ళీ మేనరికం చేసుకోవడం మరొకటి. ఎప్పుడో కొద్దిమంది నుంచి ఒక సమాజం మొదలై, తరతరాలుగా తలుపు మూసుకుని పెరిగితే, ఆ తొలి కొద్దిమందిలో ఒకరిద్దరికి ఉన్న అరుదైన జన్యుమార్పు కూడా సమాజమంతటా పరుచుకుంటుంది. ఇది మొదటి సంగతి చేసే పని. మేనరికం ఆ మార్పును కొత్తగా పుట్టించదు, దాని మోతాదునూ పెంచదు. తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి రెండు కాపీలూ ఒకే బిడ్డలో కలిసే అవకాశాన్ని మాత్రం పెంచుతుంది. దాగి ఉన్నదాన్ని బయటపెట్టేది అదే. అందుకే మేనరికం మానేస్తే అంతా సర్దుకుంటుందనే మాట సగం వరకే నిలుస్తుంది. తలుపు మూసి ఉన్నంతకాలం, బొత్తిగా ఎరగని రెండు కుటుంబాలు కలిసినా ఇద్దరిలోనూ అదే పాత మార్పు ఉండొచ్చు.

ఇక మందు సంగతి. 1950ల మొదట్లో ఆపరేషన్ థియేటర్లలోకి సక్సినైల్‌కోలిన్ అనే మందు వచ్చింది. మన మత్తు డాక్టర్లు స్కోలిన్ అంటారు. నరంలోకి ఎక్కించిన అరనిమిషానికి కనురెప్పలు, చెంపలు, వేళ్ళు సన్నగా అదురుతాయి. తర్వాత ఒళ్ళంతా వదులైపోతుంది, ఊపిరి కూడా ఆగుతుంది. ఆ వ్యవధిలో డాక్టరు గొంతులోకి గొట్టం వేస్తాడు. ఐదారు నిమిషాల్లో రక్తంలోని బ్యూటిరిల్ కోలిన్‌ఎస్టరేజ్ అనే ఎంజైము ఆ మందును ముక్కలు చేసేస్తుంది, రోగి మళ్ళీ ఊపిరి తీసుకుంటాడు. తీసుకోవాలి. కొందరు తీసుకోలేదు. పది నిమిషాలైనా, గంటైనా, రెండు గంటలైనా ఛాతీ కదలదు. వెంటిలేటర్ మీద ఉంచి కాచుకుంటే నెమ్మదిగా కోలుకుంటారు, లేకపోతే ప్రాణం పోతుంది. కెనడాలో వెర్నర్ కాలో ఇలాంటివారి రక్తం పరీక్షించి, వాళ్ళ ఎంజైమే వేరుగా ఉందనీ, అది వంశంలో దిగుతుందనీ 1957లో చూపించాడు. అదే ఏడు అమెరికాలో ఆర్నో మొటుల్‌స్కీ, మందుల వికటింపులకు వారసత్వం కారణం కావచ్చని వ్యాసం రాశాడు. 1959లో జర్మనీలో ఫ్రీడ్‌రిష్ వోగెల్ ఈ విద్యకు ఫార్మకోజెనెటిక్స్ అని పేరు పెట్టాడు. ఒక్కొక్కరి జన్యువులను బట్టి మందు పనితీరు ఎలా మారుతుందో చూసే శాస్త్రం పుట్టుకలోనే ఈ ఎంజైము ఉంది.

ఆ ఎంజైము దారి పెనుగొండ వైపు తిరిగింది 1979లో. ఆంధ్ర వైశ్యుల్లో ఈ ఎంజైము బొత్తిగా పనిచేయని జన్యురూపం అసాధారణంగా ఎక్కువగా ఉందని ఆ ఏడు హ్యూమన్ జెనెటిక్స్ పత్రికలో రావు, గోపాలం రాశారు. 2006లో కోయంబత్తూరులో స్థిరపడ్డ వైశ్యుల రక్తనమూనాల్లో ఆ లోపం ఎక్కడుందో దొరికింది. ఎంజైము గొలుసులో 307వ స్థానంలో లూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్ వచ్చి చేరింది. ఒకే ఒక్క అక్షరదోషం. గోదావరి గట్టు వదిలి తమిళదేశానికి వెళ్ళి తరాలు గడిచినా ఆ దోషం వెంటే ఉందంటే, పెళ్ళిళ్ళు అక్కడ కూడా లోపల్లోపలే జరిగాయనే కదా. 2009లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులతో కలిసి భారతీయ జనసమూహాల జన్యుచరిత్రను నేచర్ పత్రికలో ప్రచురించారు. వైశ్యుల వంశమూలం రెండు మూడు వేల ఏళ్ళ నాడు కొద్దిమంది దగ్గర ఇరుకైందనీ, అప్పటి నుంచి బయటి రక్తం దాదాపు కలవలేదనీ ఆ లెక్కల వల్ల తేలింది. కన్యక కథను తూర్పు చాళుక్యుల కాలానికి ముడిపెట్టేవారు ఎక్కువ. జన్యువుల లెక్క దానికంటే చాలా వెనక్కి పోతుంది. అంటే పెనుగొండ గాథ ఆ తలుపును మూయలేదు, అప్పటికే మూసి ఉన్న తలుపుకు కథ కట్టింది. 2017లో ఇదే బృందం నేచర్ జెనెటిక్స్‌లో రాస్తూ, ఈ ఎంజైము లోపం మిగతా సమూహాల కంటే వైశ్యుల్లో సుమారు వంద రెట్లు ఎక్కువనీ, రోగి వైశ్యుడని తెలిస్తే స్కోలిన్ వాడకూడదన్నది వైద్యుల్లో తెలిసిన విషయమేననీ ప్రస్తావించింది. కులం పేరు చెప్పగానే మందు మార్చాల్సిన సందర్భం ఆధునిక వైద్యంలో ఉందంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఉంది.

ఈ ఉదాహరణ ఇంత స్పష్టంగా ఉండటానికి కారణాలు గమనించాలి. మందు ఒక్కటే, దాన్ని విరిచే ఎంజైము ఒక్కటే, ఆ ఎంజైమును చెడగొట్టిన మార్పు ఒక్కటే. పైగా ఆ లోపం మామూలు బతుకులో ఏ హానీ చేయదు. స్కోలిన్ తగిలేదాకా ఆ మనిషికి తనలో లోపముందనే తెలియదు, కాబట్టి ప్రకృతి దాన్ని ఏరివేయలేదు. నిరపాయంగా, నిశ్శబ్దంగా తరాలు దాటింది. రక్తపోటు సంగతి ఇందుకు పూర్తిగా తలకిందులు. అందులో గుండె కొట్టుకునే వేగం, రక్తనాళాల బిగువు, మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచే తీరు, అడ్రినల్ గ్రంథుల రసాలు, నరాల ఉద్రేకం అన్నీ కలిసి పనిచేస్తాయి. 2024లో పది లక్షలకు పైగా మనుషుల జన్యువులను జల్లెడ పట్టి రక్తపోటుతో సంబంధమున్న 2,103 గుర్తులను ప్రకటించారు. ఒక్కొక్కటీ పోటును మార్చేది అరకొరే, చాలావాటికి మిల్లీమీటరు పాదరసంలో చిన్న భాగం. అన్నిటినీ కూడినా మనిషికీ మనిషికీ ఉండే తేడాలో కొంత భాగమే అర్థమవుతుంది. ఆ పది లక్షల మందీ ఐరోపా మూలాల వారే. గోదావరి జిల్లాల రైతు కూలీకి ఆ జాబితా ఎంతవరకు సరిపోతుందన్నది ఇంకో ప్రశ్న. దేశంలోని 83 జనసమూహాల నుంచి తీసిన సుమారు 10,000 జన్యుపటాలను జీనోమ్ ఇండియా పథకం 2025 జనవరిలో విడుదల చేసింది కాబట్టి ఇకనైనా మన లెక్క మనం వేసుకునే అవకాశం వచ్చింది.

అయితే ఒక్క ఎంజైము మీద ఆధారపడే బీపీ మందులే లేవా అని అడగొచ్చు. ఉన్నాయి, వాటి చరిత్ర చాలా నేర్పుతుంది. రక్తపోటుకు తొలి మందుల్లో ఒకటి మన సర్పగంధి. బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో దాని మీద రాశాకే ప్రపంచం అటు చూసింది. 1952లో దాని నుంచి సీబా కంపెనీ రెసర్పిన్ తీసింది. అదే రోజుల్లో హైడ్రలజిన్ వచ్చింది. దాని తోబుట్టువు డైహైడ్రలజిన్‌ను రెసర్పిన్‌తో కలిపి చేసిన అడెల్ఫేన్ బిళ్ళ మన దేశంలో ఒక తరమంతటికీ బీపీ మందుకు మారుపేరైంది. హైడ్రలజిన్‌ను శరీరంలో మార్చేది ఎన్‌ఏటీ2 అనే ఎంజైము, క్షయ మందు ఐసోనియజిడ్‌ను మార్చేది కూడా అదే. ఈ ఎంజైము కొందరిలో చురుకు, కొందరిలో మందకొడి. దక్షిణ భారతంలో సగానికి పైగా జనం మందకొడి రకమే. హైడ్రలజిన్‌ను ఎక్కువ మోతాదులో వాడినప్పుడు కీళ్ళనొప్పులు, జ్వరం లాంటి లూపస్ లక్షణాలు ప్రధానంగా ఈ మందకొడి రకానికే వచ్చేవి. ఇది కులం చూసి చెప్పగలిగే తేడా కాదు, ప్రతి కులంలోనూ రెండు రకాలవారూ ఉంటారు. ఇంకా ముఖ్యమైన పాఠం 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ కీమోథెరపీ కేంద్రం నుంచి వచ్చింది. ఐసోనియజిడ్‌ను రోజూ ఇచ్చినప్పుడు చురుకు రకానికీ మందకొడి రకానికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వారానికి ఒక్కసారి ఇచ్చే పద్ధతిలో మాత్రం చురుకు రకం వారు వెనకబడ్డారు. మందు ఒంట్లోంచి తొందరగా పోతుంది కాబట్టి మధ్యలో ఖాళీ రోజులు ఎక్కువైపోయాయి. జన్యువు అదే, మందు అదే. ఇచ్చే తీరు మారేసరికి జన్యువు బరువు మారింది. డెల్టాలో బీపీ బిళ్ళ వాడకం గురించి ఆలోచించేటప్పుడు ఈ మద్రాసు పాఠం పక్కన పెట్టుకోవాలి.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. బ్రిటన్ మార్గదర్శకాలు ఆఫ్రికన్, కరిబియన్ మూలాల వారికి మొదటి మందుగా అమ్లోడిపిన్ జాతిని సూచిస్తాయి, వయసు 55 లోపున్న మిగతావారికి ఎనలాప్రిల్, లోసార్టన్ జాతిని. 2002లో వచ్చిన ఆల్‌హ్యాట్ అనే పెద్ద అమెరికన్ పరీక్షలో 33,000 మందికి పైగా పాల్గొన్నారు. అందులో ఎనలాప్రిల్ జాతి మందు లిసినోప్రిల్ నల్లజాతివారిలో పోటును తక్కువగా దించింది. మరి వాళ్ళకు జాతిని బట్టి మందు మారితే తెలుగువాళ్ళకు మారకూడదా? సబబైన ప్రశ్నే. కానీ 2004లో అశ్విని సెహగల్ పాత పరీక్షలన్నీ కలిపి లెక్కవేస్తే, సగటులో తేడా ఉన్నా, 80 నుంచి 95 శాతం తెల్లవారూ నల్లవారూ మందులకు ఒకేలా స్పందిస్తున్నారని తేలింది. రంగుల మధ్య తేడా కంటే ఒక్కో రంగు లోపలి తేడా చాలా పెద్దది. మన సంగతికొస్తే 2025లో ఫలితాలు వెలువడ్డ టాప్‌స్పిన్ పరీక్ష ఉంది. దేశంలో 32 ఆసుపత్రుల్లో 1,981 మందికి మూడు రకాల జంటబిళ్ళలు ఇచ్చి చూశారు. అమ్లోడిపిన్–పెరిండోప్రిల్, అమ్లోడిపిన్–ఇండపమైడ్, పెరిండోప్రిల్–ఇండపమైడ్. ఆరు నెలల తర్వాత 24 గంటల కొలతలో మూడూ పోటును సుమారు 14/8 మిల్లీమీటర్లు దించాయి. భారతీయ ఒంటికి ఈ జంట పడుతుంది, ఆ జంట పడదు అనడానికి ఆధారం దొరకలేదు. మొత్తం దేశానికే లేని తేడాను కులానికో జిల్లాకో వెతికేవారు ముందు సాక్ష్యం చూపాలి.

అయితే మందులన్నీ అందరికీ ఒకటేనా, మనిషికీ మనిషికీ తేడానే లేదా అన్నది రెండో అభ్యంతరం. ఉంది, అది కూడా కొలిచారు. స్వీడన్‌లో 280 మందికి నాలుగు మందులను ఒకదాని తర్వాత ఒకటి, కొన్నిటిని మళ్ళీ తిప్పి ఇచ్చి చూసిన పరీక్ష 2023లో వెలువడింది. ఎవరికి ఏ మందు బాగా పనిచేస్తుందో చూసి అదే ఇస్తే, సగటున ఇంకో 4.4 మిల్లీమీటర్లు పోటు దిగుతుందని తేలింది. తక్కువేమీ కాదు, మోతాదు రెట్టింపు చేసినా అంత దిగకపోవచ్చు. ఈ తేడాలో జన్యువుల వాటా ఉండే ఉంటుంది. మెటోప్రొలాల్‌ను విరిచే సీవైపీ2డీ6 ఎంజైము మందకొడిగా ఉన్నవారి రక్తంలో ఆ మందు పేరుకుని నాడి మరీ నెమ్మదించడం చాలాకాలంగా తెలిసినదే. కానీ స్వీడన్ పరీక్షలో సరైన మందును కనిపెట్టింది జన్యుపరీక్ష కాదు. మందు వేసి, పోటు కొలిచి, మార్చి, మళ్ళీ కొలిచారు. మనిషి స్థాయి తేడాను పట్టుకోవడానికి ఇవాళ్టికి అంతకంటే నమ్మకమైన దారి లేదు. ఒకప్పుడు అడ్యూసిన్ జన్యువు చూసి నీళ్ళబిళ్ళ ఎవరికి పనిచేస్తుందో చెప్పేయొచ్చన్నారు. ఏసీఈ జన్యువులో చిన్న తునక ఉందా ఊడిందా చూస్తే చాలన్నారు. పెద్ద పరీక్షల్లో ఆ ఆశలు నిలవలేదు.

మూడో అభ్యంతరం మేనరికం నుంచి వస్తుంది, నా ఉద్దేశంలో అన్నిటికంటే బలమైనది ఇదే. ఒకే జన్యువు చెడి రక్తపోటు తెచ్చే అరుదైన జబ్బులున్నాయి, వాటిలో మందు ఎంపిక పూర్తిగా జన్యువు చేతిలో ఉంటుంది. 1963లో గ్రాంట్ లిడిల్ వర్ణించిన జబ్బులో మూత్రపిండంలోని సోడియం ద్వారాలు మూసుకోవు. దానికి స్పైరనోలాక్టోన్ ఎంత ఇచ్చినా దండగే, అమిలోరైడ్ ఇస్తే పోటు దిగుతుంది. ఇంకో జబ్బులో కార్టిసాల్‌ను అణిచే ఎంజైము లేక చిన్నతనంలోనే పోటు పెరుగుతుంది, అక్కడ స్పైరనోలాక్టోన్ పనిచేస్తుంది. లిడిల్ జబ్బుకు ఒక్క కాపీ చాలు, మేనరికంతో పనిలేదు. రెండో జబ్బుకు మాత్రం తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ చెడ్డ కాపీ రావాలి, కాబట్టి మేనరికపు ఇళ్ళలో బయటపడే అవకాశం ఎక్కువ. పదేళ్ళ పిల్లవాడికి బీపీ ఉండి, పొటాషియం తక్కువగా ఉండి, తల్లిదండ్రులు బావామరదళ్ళైతే కాకినాడలోనైనా భీమవరంలోనైనా డాక్టరు జన్యువు గురించి ఆలోచించి తీరాలి. ఇది ఒప్పుకోవాల్సిందే. అయితే ఇవి లక్షల్లో కొద్దిమందికి వచ్చేవి. యాభయ్యో పడిలో పెద్దవారికి వచ్చే మామూలు రక్తపోటు వందల జన్యువుల చిన్నచిన్న తోపుల వల్ల వచ్చేది, మేనరికం దాన్ని అంత సూటిగా ముట్టుకోదు.

మరి డెల్టాలో మందు పడకపోవడం వెనక నిత్యం కనిపించే కారణాలేమిటి? మొదటిది ఉప్పు. 1847–52 మధ్య కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక డెల్టా కంచంలో వరి అన్నం రాజైంది. చప్పటి అన్నం పెద్ద కుప్పగా లోపలికి పోవాలంటే పక్కన ఉప్పూకారం గట్టిగా ఉండాలి. ఆవకాయ, మాగాయ, ఉప్పుచేప, ఎండురొయ్యలు, ఊరమిరపకాయలు, మజ్జిగన్నంలో మళ్ళీ ఓ చిటికెడు. ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్ళు రోజుకు తినే ఉప్పు సగటున తొమ్మిదిన్నర గ్రాములకు దగ్గరగా ఉందని 2017లో వెలువడ్డ అధ్యయనం చెప్పింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 5 గ్రాములు. ఉప్పు పోటును పెంచి ఊరుకోదు, మందును కూడా తొక్కేస్తుంది. ఎనలాప్రిల్, లోసార్టన్ లాంటివి ఉప్పు ఎక్కువ తినేవారిలో సరిగా పనిచేయవు. ఒంటితత్వం అనుకున్నది ఊరగాయ జాడీలో ఉండొచ్చు. రెండోది ఒళ్ళునొప్పుల బిళ్ళ. నాట్లూ కోతలూ అయ్యాక ఆర్‌ఎంపీ దగ్గరో మందుల షాపులోనో దొరికే డైక్లోఫెనాక్ పోటును పెంచుతుంది, నీళ్ళబిళ్ళనూ ఎనలాప్రిల్‌నూ దెబ్బతీస్తుంది. దాన్ని ఎవరూ మందుగా లెక్కపెట్టరు, డాక్టరుకు చెప్పరు. వీటిలో ఏదీ జన్యువుల్లో రాసిలేదు, కానీ ఒకే ఇంట్లో ఒకే వంట తినే అన్నదమ్ములకు రెండిటా సమానంగా వర్తిస్తుంది కాబట్టి చూసేవారికి వంశంలా కనిపిస్తుంది.

మూడోది బిళ్ళ అందడం, వేసుకోవడం. పది బిళ్ళల షీటు కొనలేక నాలుగు కత్తిరించి ఇమ్మని అడగడం, షాపువాడు కత్తెరతో కోసేసరికి పేరూ గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోవడం, వచ్చే నెల ఇంకో రంగు బిళ్ళ రావడం, తల తిరగడం తగ్గిందని మానేయడం డెల్టాలో ఎవరికీ కొత్త కాదు. 104 బండి నెలకోసారి ఊరికొచ్చి బీపీ, షుగర్ బిళ్ళలు పంచడం మొదలయ్యాక కొంత మారింది. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కింది 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చి, ఎవరికి గుండెజబ్బు ప్రమాదం ఎక్కువో కనిపెట్టి డాక్టరు దగ్గరికి పంపే ఏర్పాటు చేశారు. స్మార్ట్‌హెల్త్ అనే ఆ ప్రయోగం ఫలితాలు 2019లో వచ్చాయి. పరీక్షలు జరిగాయి, జనాన్ని గుర్తించారు. అయినా బీపీ అదుపులోకి వచ్చినవారి శాతం, ఆ ఏర్పాటు లేని గ్రామాల కంటే చెప్పుకోదగ్గంత పెరగలేదు. కనిపెట్టడం వేరు, బిళ్ళ రోజూ కడుపులో పడటం వేరు. మద్రాసు క్షయ కేంద్రం చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది. మధ్యలో ఖాళీ రోజులున్నచోట మందును తొందరగా ఖర్చుచేసే ఒళ్ళే ముందు ఓడిపోతుంది. అందుకే అమ్లోడిపిన్ లాంటి, ఒంట్లో రోజున్నరకు పైగా నిలిచే మందు డెల్టా పల్లెకు నప్పుతుంది. ఒక పూట మరిచిపోయినా తేడా పెద్దగా బయటపడదు.

పెనుగొండ వారసత్వం విలువ దీనివల్ల తగ్గదు. వైశ్య కుటుంబంలో ఎవరికైనా మత్తు తర్వాత ఊపిరి ఆలస్యంగా వచ్చిందా అన్న ప్రశ్న ఆపరేషనుకు ముందు ఇప్పటికీ అడగాల్సిందే. రక్తంలో కోలిన్‌ఎస్టరేజ్ కొలిచే పరీక్ష ఖరీదైనదేం కాదు. చాలా థియేటర్లలో స్కోలిన్‌కు బదులు రొకురోనియం వాడే వీలుంది, సుగమ్మడెక్స్‌తో దాన్ని వెనక్కి తిప్పవచ్చు కూడా. అక్కడ కులం అడగడం తప్పు కాదు, ఎందుకంటే కులానికీ ఎంజైముకూ మధ్య నలభై ఏళ్ళకు పైగా పోగైన సాక్ష్యం ఉంది. కొత్త మందు పూర్తిగా వాడుకలోకి వచ్చాక ఆ ప్రశ్న అవసరమూ తీరిపోవచ్చు. బీపీ చూసే డాక్టరుకు అలాంటి సాక్ష్యం ఏ కులం విషయంలోనూ లేదు. ఆయన అడగాల్సినవి గత నెల ఎన్ని బిళ్ళలు మిగిలాయి, నొప్పులకు ఏం వేసుకున్నారు, పోటు ఇంట్లో ఎంతుంది అన్న మూడు సంగతులు. వాటికి జవాబు దొరికాక కూడా మూడు రకాల మందులకు పోటు దిగకపోతే, అప్పుడు అల్డోస్టిరోన్ పరీక్షా, ఆ తర్వాత జన్యుపరీక్షా వరసలోకి వస్తాయి.